ఓమా ఇంటి క్రూగర్ గడియారం, మా నాయిన చెవి

మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళ గడియారాలంటే మనవైపు ఎవరికీ తెలీకపోవచ్చు గానీ మెన్నొనైట్లు మాత్రం పాలమూరు, నల్గొండ వాళ్ళకి కొత్తేం కాదు. మా ఊళ్ళల్లో ఎం.బి. చర్చి ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా దారి చెప్తారు, ఆ ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరెన్. నాగర్‌కర్నూల్, దేవరకొండ, గద్వాల, వనపర్తి, శంషాబాద్, జడ్చర్ల హాస్పిటల్, ఇవన్నీ ఆ మిషన్ వాళ్ళు పనిచేసిన చోట్లే. అందరికన్నా ముందు వచ్చింది అబ్రహాం ఫ్రీసెన్, 1889లో భార్య మరియాతో కలిసి దక్షిణ రష్యా నుంచి బయల్దేరి నల్గొండ చేరాడు. ఆ తర్వాత అమెరికా నుంచి హీబర్ట్ లు, పాంక్రాట్జ్ లు, బెర్గ్‌తోల్డ్ లు వచ్చారు. మేం చిన్నప్పుడు సండే స్కూల్లో ఈ పేర్లు వింటూ పెరిగినోళ్ళమే, కాకపోతే ఆ పేర్ల వెనక ఒక దేశం, ఆ దేశంలో ఒక నది, ఆ నది ఒడ్డున గడియారాలు చేసే ఒక ఊరు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళకీ తెలిసి ఉండదు.

నేను నర్సు పని మీద కెనడా వచ్చి మానిటోబాలో స్టైన్‌బాక్ అనే టౌన్‌లో దిగినప్పుడు మొదటి వారం నన్ను ఆశ్చర్యపరిచింది చలి కాదు, షాపుల బోర్డులు. ఫ్రీసెన్, పెన్నర్, హీబర్ట్, ఉన్రూ, ఎక్కడ చూసినా ఇవే పేర్లు. మా చర్చి గోడ మీద రాతిపలకలో చదివిన పేర్లు ఇక్కడ టైర్ల షాపుకీ ఫర్నిచర్ షాపుకీ ఉన్నాయి. నేను అద్దెకి ఉన్న ఇల్లు ఒక పెద్దావిడది, ఎనభై దాటిన మనిషి, అందరూ ఓమా అనేవాళ్ళు, అంటే అమ్మమ్మ నాన్నమ్మ అన్నట్టు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ హాల్లోనే నేను మొదటిసారి ఈ గడియారం చూసింది.

ఎలా ఉంటుందో చెప్తా. మనం చూసే పాత గోడ గడియారాలకి చెక్క పెట్టె, ముందు అద్దం తలుపు ఉంటాయి కదా, దీనికి అసలు పెట్టె లేదు. ఒక రేకు ముఖం, దాని వెనక చక్రాలు, కింద గాల్లో వేలాడే పొడుగాటి లోలకం, గొలుసుకి వేలాడే ఇత్తడి బరువులు, అంతే. పక్కన నిలబడితే లోపల చక్రాలు తిరగడం కనిపిస్తుంది. ముఖం ముదురు ఆకుపచ్చ రంగు, పైన కమాను లాగా వంపు, ఆ వంపులో గులాబీల గుత్తి, నాలుగు మూలల్లో చిన్న చిన్న పూలు, అంకెలు రోమన్‌వి. లోలకం చివర బిళ్ళ ఇత్తడిది, మనింట్లో అన్నం తినే పళ్ళెమంత ఉంటుంది, లైటు వేస్తే అది అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఎదురు గోడ మీద మెరుపు కదిలేది. తాళంచెవి లేదు, స్ప్రింగు లేదు. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఓమా బైబిల్ చదువుకుని లేచి గొలుసు లాగి బరువు పైకి ఎక్కించేది, అదే దానికి కీ ఇవ్వడం. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

నాకు గడియారాల మీద ఇంత ధ్యాస ఎందుకంటే మా నాయినది మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దగ్గర వాచ్ రిపేరు షాపు. షాపు అంటే ఒక మనిషి కూర్చునేంత డబ్బా, ముందు అద్దాల కౌంటరు, లోపల కంటికి భూతద్దం బిగించుకుని వంగి కూర్చున్న మా నాయిన. హెచ్‌ఎంటీ వాచీలు కుప్పలుగా వచ్చేవి. పెళ్ళి వాచీ, రిటైర్‌మెంటు వాచీ, గల్ఫ్ నుంచి వచ్చినోళ్ళ వాచీలు. మిషన్ బంగళాలో ఒక గోడ గడియారం ఉండేది, అది కంపెనీలో తయారైన మామూలు కీ గడియారమే, అది ఆగితే నాయినకే కబురొచ్చేది, ఆయన నన్ను సైకిల్ ముందు కూచోబెట్టుకుని పోయేవాడు. రిపేరు అయిపోయాక గడియారం వెనక తలుపు లోపల సూదితో తారీఖు, తన పేరు మొదటి అక్షరం గీసేవాడు. ఎందుకు నాయినా అంటే, మళ్ళ తెరిచేటోనికి తెల్వాలె బిడ్డా, ఎప్పుడు జేశిన్రో, ఎవడు జేశిండో, అనేవాడు. తనకంటే ముందు ఎవరో గీసిన గీతలు కూడా నాకు చూపించేవాడు, ఏ ఊరి మనుషులో ఏ కాలం వాళ్ళో తెలీదు గానీ వాళ్ళ మీద ఆయనకి ఎంతో గౌరవం.

ఓమాకి ఈ సంగతి చెప్పిన రోజు నుంచి ఆవిడ నన్ను చూసే తీరే మారిపోయింది. వాచ్ రిపేరర్ కూతురివా, అయితే కూర్చో, అని కథ మొదలుపెట్టింది. ఆ కథ ఒకరోజులో అయిపోయేది కాదు, చలికాలం అంతా నడిచింది.

ఆ కథ తెలియాలంటే ముందు మెన్నొనైట్లు ఎవరో కొంచెం చెప్పాలి. మెన్నో సైమన్స్ అనే డచ్ మత బోధకుడి పేరు మీద వచ్చిన పేరు అది, 16వ శతాబ్దం మనిషి. పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలి, ఆయుధం పట్టకూడదు, ఒట్టు వేయకూడదు అన్నందుకు వీళ్ళని తరిమి తరిమి చంపారు, పారిపోయినోళ్ళు పోలండ్‌లో విస్తులా నది డెల్టాకి, డాన్జిగ్ చుట్టుపక్కలకి చేరారు. నీళ్ళు నిలిచే బురద నేలల్ని కాలవలు తవ్వి గాలిమరలతో తోడి పొలాలు చేసుకున్నారు. ఈ గోడ గడియారం చేసే పద్ధతి కూడా వీళ్ళకి అక్కడే అబ్బింది. తర్వాత ప్రష్యా రాజ్యం కిందికి వచ్చాక సైన్యానికి మనుషుల్ని ఇవ్వరు కాబట్టి కొత్త భూములు కొనకుండా ఆంక్షలు పెట్టారు, అదే టైంలో రష్యా రాణి రెండో కేథరిన్ రండి భూములిస్తా అని పిలిచింది. 1789లో నీపర్ నది దగ్గర ఖోర్టిట్సా కాలనీ, 1804లో మొలొచ్నా కాలనీ. ఇప్పుడది ఉక్రెయిన్, ఖోర్టిట్సా ఊరు జపోరిజియా నగరంలో కలిసిపోయింది, వార్తల్లో రోజూ వినే పేరే.

ఆ 1804లోనే యోహాన్ క్రూగర్ అనే గడియారాల పనివాడు ప్రష్యా నుంచి వచ్చి ఖోర్టిట్సా పక్కనే రోజెంటాల్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆయన తర్వాత కొడుకులు, మనవలు, ముని మనవలు, వందేళ్ళకి పైగా నాలుగు తరాలు అదే పని. అందుకే చాలామంది మెన్నొనైట్ గడియారం ఏది కనపడ్డా క్రూగర్ గడియారం అనేస్తారు, కానీ చేసింది ఒక్క క్రూగర్లే కాదు, మొలొచ్నాలో లిండెనావ్ ఊళ్ళో మాండ్ట్లర్, ఖోర్టిట్సాలో లెప్, హిల్డెబ్రాండ్, ఇలా ఇంకొన్ని కుటుంబాలున్నాయి. నాకు వీళ్ళందరిలో పీటర్ లెప్ కథ బాగా నచ్చుతుంది. గడియారాలు చేసిన అనుభవంతోనే ఆయన వ్యవసాయ యంత్రాలు మొదలుపెట్టాడు, అది పెరిగి పెరిగి లెప్ అండ్ వాల్‌మన్ అనే పెద్ద ఫ్యాక్టరీ అయింది, దక్షిణ రష్యా పొలాల్లో కోత మిషన్లు వాళ్ళవి తిరిగేవి. లెప్ దగ్గర పని నేర్చుకున్న హిల్డెబ్రాండ్ తర్వాత తనూ ఫ్యాక్టరీ పెట్టాడు. చక్రానికి పళ్ళు సమానంగా కోయడం, ఇరుసు సూటిగా నిలబెట్టడం వచ్చిన చెయ్యి ఏ యంత్రమైనా చేస్తుంది, నాయిన ఉంటే ఈ మాట విని ఎంత పొంగిపోయేవాడో.

గడియారం పెళ్ళికి ఇచ్చే వస్తువు. తల్లిదండ్రులు కొత్త జంటకి ఇస్తే అది ఆ ఇంట్లో పెద్ద గదిలో, గాజు అల్మారా దగ్గర, దిండ్లు పేర్చిన మంచం దగ్గర గోడకి ఎక్కేది. ఓమా వాళ్ళ గడియారం కూడా ఆవిడ అమ్మమ్మకి పెళ్ళికి ఇచ్చిందే, రోజెంటాల్‌లోనే చేయించింది. పెళ్ళి సంవత్సరం ముఖం మీద రాయించుకున్నోళ్ళు కూడా ఉన్నారంట, వీళ్ళ దాని మీద అయితే లేదు.

రష్యాలో అందరికీ సైనిక సర్వీసు తప్పనిసరి చేసే చట్టం 1874లో వచ్చింది, మెన్నొనైట్లలో చాలామంది అంతకు ముందే మళ్ళీ మూటలు సర్దడం మొదలుపెట్టారు. సుమారు 7,000 మంది మానిటోబాకి, 10,000 మంది అమెరికాలో కాన్సస్, నెబ్రాస్కా వైపు. స్టైన్‌బాక్ పుట్టింది ఆ 1874లోనే. ఓమా వాళ్ళ పెద్దలు మాత్రం అప్పుడు కదల్లేదు, రోజెంటాల్‌లోనే ఉండిపోయారు, అందుకని వాళ్ళు మిగతా అన్నీ చూశారు. విప్లవం, అంతర్యుద్ధం, ఊళ్ళ మీద పడి దోచుకున్న మఖ్నో అనే తిరుగుబాటు నాయకుడి ముఠాలు, టైఫస్ జ్వరం, 1921-22 కరువు. 1923 నుంచి 1930 లోపు సుమారు 20,000 మంది కెనడాకి రాగలిగారు, కెనడియన్ పసిఫిక్ రైల్వే అప్పు మీద టికెట్లు ఇచ్చింది. అందులో 1926లో వచ్చిన కుటుంబం ఓమా తల్లిదండ్రులది.

ఇక్కడ ఆవిడ చెప్పే తీరే వేరు. ఏది తీసుకెళ్ళాలి ఏది వదిలెయ్యాలి అన్న దగ్గర ఆవిడ గొంతు తగ్గేది, ఆవిడ చూసింది కాదు, వాళ్ళమ్మ చెప్పగా విన్నది, అయినా చూసినట్టే చెప్పేది. ప్రయాణంలో తినడానికి బన్ను రొట్టెలు ఎండబెట్టి కాల్చి గోనెసంచుల నిండా నింపారంట. గడియారం ముఖం, యంత్రం దుప్పటిలో చుట్టి చెక్క పెట్టెలో బట్టల మధ్య పెట్టారు. బరువులు? ఇత్తడి లోపల సీసం, మోయలేని బరువు. స్టేషన్లో సామాను తూచేటప్పుడు వాళ్ళ నాన్న అవి తీసి పక్కన పెట్టేశాడు, వాటి బదులు ఇంకో గోనె రొట్టెలు ఎక్కాయి. రైలు లాట్వియా సరిహద్దులో ఎర్ర గేటు దాటాక బోగీల్లో అందరూ లేచి పాట పాడారని వాళ్ళమ్మ చెప్పేదంట. అక్కడితో అయిపోలేదు. మెడికల్ చెక్ అప్‌లో కళ్ళల్లో ట్రకోమా అనే అంటుజబ్బు ఉందని ఓమా పెద్దక్కని ఆపేశారు, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర అట్లాంటిక్ పార్క్ అనే చోట అలాంటోళ్ళని నెలల తరబడి ఉంచేవాళ్ళు. ఒక నర్సుగా ఆ ముక్క వింటుంటే నాకు కడుపులో దేవినట్టయింది, ఇప్పుడైతే ఒక డోసు మందుతో తగ్గే జబ్బు.

మానిటోబాలో వాళ్ళు కొన్న పొలం కూడా ఒక మెన్నొనైట్ కుటుంబం వదిలి వెళ్ళిందే. 1870ల్లో వచ్చినోళ్ళలో కొంతమంది, స్కూళ్ళల్లో ఇంగ్లీషే చెప్పాలన్న ప్రభుత్వ చట్టం ఇష్టం లేక 1920ల్లో మెక్సికోకి, పరాగ్వేకి వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటు వాళ్ళ గడియారాలూ వెళ్ళాయి. అంటే ఒకే కాలంలో ఒక రోజెంటాల్ గడియారం మానిటోబా వదిలి పరాగ్వేలోని చాకో అడవుల్లోకి పోతుంటే ఇంకో రోజెంటాల్ గడియారం రష్యా వదిలి మానిటోబా వస్తోంది. నాకు ఈ విషయం తల్చుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

బరువులు లేని గడియారాన్ని వాళ్ళ నాన్న ఎలా నడిపాడో తెలుసా, సిరప్ డబ్బాలో పాత బోల్టులు, నట్లు నింపి, తూకం సరిపోయేదాకా ఒక్కోటి వేస్తూ తీస్తూ, గొలుసుకి వేలాడదీశాడు. ఆ డబ్బాతోనే ముప్పై నలభై ఏళ్ళు నడిచింది. ఇప్పుడున్న ఇత్తడి బరువులు తర్వాత ఎవరో చేయించి ఇచ్చినవి, ఆ డబ్బా మాత్రం ఓమా పారెయ్యలేదు, బేస్‌మెంట్ అల్మారాలో పెట్టి ఉంచింది, నాకు చూపించింది కూడా, తుప్పు పట్టి, లోపల గుర్రపు నాడాల మేకులు కూడా ఉన్నాయి.

ఇక మా నాయిన సంగతి. ఒక ఫిబ్రవరిలో గడియారం ఊరికే ఆగిపోవడం మొదలైంది. లోలకం కదిపితే కాసేపు ఆడి ఆగిపోయేది. ఓమా కొడుకు వచ్చి తలుపుల బందులకి కొట్టే స్ప్రే డబ్బా తెచ్చి కొడతానన్నాడు, నేను అడ్డం పడ్డాను, ఎందుకంటే నాయిన జీవితాంతం తిట్టింది ఈ పనినే. మన దగ్గర గోడ గడియారం ఆగితే కొబ్బరినూనె పోస్తారు, చలికాలం అది గడ్డకట్టి, దుమ్ము అంటుకుని ఇరుసుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. ఇక్కడ కొబ్బరినూనె బదులు స్ప్రే, అంతే తేడా. ఆగండి, మా నాయినకి ఫోన్ చేస్తా అన్నా.

ఇక్కడ కెనడాలో రాత్రి అయితే మహబూబ్‌నగర్‌లో తెల్లారుతుంది. నాయిన పళ్ళు తోముకుని చాయ్ తాగుతున్నాడు. వీడియో కాల్‌లో గడియారం చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పక్కకెంచి జూపియ్యి బిడ్డా, అన్నాడు. పక్కనుంచి చూపించా. వారెవ్వా, ఇది చేత్తోని కోశిన పండ్లు, అన్నాడు. చక్రం పళ్ళ గురించి. తర్వాత కెమెరా వద్దు, ఫోన్ దాని దగ్గర పెట్టు, గప్‌చుప్ ఉండుర్రి, అన్నాడు. లోలకం కదిపి నేను, ఓమా, ఓమా కొడుకు ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం. టిక్, టాక్, టిక్, టాక్.

కుంటుతుంది, అన్నాడు నాయిన.

నాకు అర్థమయింది, వాళ్ళకి నేను చెప్పా. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం, టాక్కుకీ మళ్ళీ టిక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఒకటి పొడుగు ఒకటి పొట్టి అయితే లోలకం ఒకవైపే ఎక్కువ ఊగాల్సొస్తుంది, బరువు ఇచ్చే శక్తి సరిపోదు, ఆగిపోతుంది. పెట్టెలో ఉండే గడియారం అయితే పెట్టెని జరపాలి, దీనికి పెట్టె లేదు కాబట్టి గోడ మీద మొత్తం ముఖాన్నే మేకు చుట్టూ వెంట్రుకవాసి తిప్పాలి. నాయిన అక్కడ్నుంచి వింటూ చెప్తున్నాడు, ఎడమకు, ఇంకింత, ఇంకింత, ఎక్కువైంది, ఎనకకు. ఓమా కొడుకు ముఖం రెండు చేతులతో పట్టుకుని జరుపుతున్నాడు, నేను మధ్యలో తెలుగు వింటూ ఇంగ్లీషులో చెప్తున్నా. ఒక దగ్గరికి వచ్చేసరికి, ఆఁ, గట్లనే ఉంచు, అన్నాడు. నిజంగానే వినడానికి తేడా తెలిసింది, నడక సాఫీ అయింది. ఓమా ఫోన్ తీసుకుని ప్లౌట్‌డీచ్‌లో, అంటే వాళ్ళింట్లో మాట్లాడే జర్మన్ యాసలో, ఏదో చెప్పింది, నాయిన తెలుగులో ఏదో చెప్పాడు, ఇద్దరూ చాలాసేపు తలలూపుకున్నారు. నేను ఇద్దరికీ అడ్డం రాలేదు.

ఫోన్ పెట్టేముందు నాయిన అసలు రోగం కూడా చెప్పాడు. బీట్ సరి చేస్తే ఇప్పటికి నడుస్తది గానీ బొక్కలు అరిగినయ్, బుష్ లు ఎయ్యాలె, అని. ఇరుసు తిరిగే రంధ్రం ఏళ్ళ తరబడి ఒకే వైపు అరిగి గుండ్రంగా ఉండాల్సింది కోలగా అవుతుంది, చక్రాలు ఒకదానికొకటి దూరమై పళ్ళు సరిగా పట్టవు. దానికి రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, మధ్యలో సన్న చిల్లు ఉన్న ఇత్తడి బుష్ దిగ్గొట్టి, ఇరుసు మొనల్ని పాలిష్ చేసి మళ్ళీ బిగించాలి. రంధ్రం పెద్దది చేసేటప్పుడు పాత మధ్య బిందువు నుంచి ఇంచుక జరిగినా మొత్తం పాడవుతుంది. అది ఫోన్‌లో అయ్యే పని కాదు.

ఓమా మనవరాలు ఒకమ్మాయి విన్నిపెగ్‌లో ఎలక్ట్రీషియన్, ఆ అమ్మాయికి పట్టుకుంది ఈ పిచ్చి. విన్నిపెగ్‌లోనే ఆర్థర్ క్రూగర్ అనే ఆయన, ఆ రోజెంటాల్ క్రూగర్ల వంశంవాడే, ఏళ్ళ తరబడి ఈ గడియారాలు వెతికి, బాగు చేసి, వాటి మీద పుస్తకం కూడా రాశాడు, 2012లో వచ్చింది. అది తెచ్చుకుని చదివింది. స్టైన్‌బాక్ మ్యూజియంకి, అదే మెన్నొనైట్ హెరిటేజ్ విలేజ్‌కి, నన్నూ తీసుకెళ్ళింది. గాలిమర ఉంటుంది చూడండి, అదే. ఆ గాలిమరది కూడా ఒక కథ, 1877లో ఊళ్ళో ఉన్న పాత మర గుర్తుగా 1972లో కడితే 2000లో తగలబడిపోయింది, ఊరోళ్ళు ఏడాదిలోనే మళ్ళీ కట్టుకున్నారు. అక్కడ 2018లో ఈ గడియారాలకే ప్రత్యేకంగా ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. వరసగా గోడకి వేలాడుతుంటే ఒక్కోదాని పూలు ఒక్కో రకం, నేను ఒక్కోదాని దగ్గర చాలాసేపు నిలబడిపోయా.

మ్యూజియంలో నన్ను పట్టేసిన విషయం ముఖాల రంగు. ఈ గడియారాల ముఖాలు చాలామటుకు ఒకటికి రెండుసార్లు మళ్ళీ పెయింట్ చేసినవే. పొయ్యి పొగ, ప్రయాణాల్లో గీతలు, పిల్లల చేతులు, పాతబడితే ఇంట్లో ఎవరికి కుంచె పట్టడం వస్తే వాళ్ళు రంగేసేవాళ్ళు. ఓమా గడియారం మీద గులాబీలు కూడా రష్యావి కాదు, వాళ్ళ మేనత్త 1950ల్లో వేసినవి, కింద అంచు దగ్గర పెచ్చు ఊడిన చోట లోపల నీలం రంగు కనిపిస్తుంది. మనవరాలికి మొదట ఆ పై రంగు తీసేసి అసలుది బయటకి తేవాలని ఉండేది. ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. ఓమా మాత్రం ఒకటే మాట, మా అత్త ఏం తప్పు చేసింది, ఆవిడ పూలు ఎందుకు గీకాలి అని. నేను ఓమా వైపే, ఇప్పటికీ. పాతది అంటే మొట్టమొదటి రోజుది ఒక్కటే కాదు, ఆ మేనత్త రష్యాలో టీచరమ్మగా ఉండి ఇక్కడికొచ్చి మొదట్లో ఇళ్ళల్లో పాచిపని చేసింది, ఆవిడ చేతి గుర్తుగా ఆ కుటుంబానికి మిగిలింది ఆ గులాబీలే. చివరికి ఏం తీసేయకుండా పెచ్చు ఊడిన చోట్లు దగ్గర నుంచి ఫొటోలు తీసి, ఏ పొర ఏ కాలందో రాసి పెట్టుకున్నారు, రంగు ఇంక రాలకుండా మాత్రం జాగ్రత్త చేయించారు.

బుష్ లు వేసే పని ఆ అమ్మాయి పాత పనివాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంది, మొదట పనికిరాని గడియారాల మీద చేసి చేసి, చెయ్యి కుదిరాకే దీన్ని తెరిచింది. తెరిచిన రోజు నేనూ ఉన్నా. ముఖం రేకు తీసి వెనక్కి తిప్పితే అక్కడ పెన్సిల్‌తో రాతలు, పాత జర్మన్ చేతిరాత, తారీఖులు, ఒకచోట నూనె వేసినట్టు ఏదో గుర్తు. నాకు మిషన్ బంగళా గడియారం వెనక తలుపు గుర్తొచ్చి మాట రాలేదు. నాయిన అప్పటికి పోయి కొన్నాళ్ళయింది. ఆ అమ్మాయి పెన్సిల్ తీసి పాత రాతల కింద బుష్ లు వేసిన తారీఖు, తన పేరు రాసి, దానిపైన ఇంకో లైను రాసింది, ఇండియాలో మహబూబ్‌నగర్ నుంచి వాచ్ రిపేరరు ఫోన్‌లో విని బీట్ సరిచేశారు అని, నాయిన పేరు నన్నడిగి స్పెల్లింగ్ చెప్పించుకుని మరీ రాసింది.

క్రూగర్ క్లాక్స్ హెరిటేజ్ ఫౌండేషన్ అని ఒకటుంది, వాళ్ళు ఈ గడియారాలు ఎక్కడెక్కడ ఏ ఇళ్ళల్లో ఉన్నాయో ఫొటోలు, వాటితో పాటు కుటుంబాల కథలు సేకరిస్తున్నారు. మంచి పని అంటే ఇదీ అనిపించింది నాకు. గడియారం ఒక్కటి మ్యూజియంలో పెట్టేస్తే ఇనుము, ఇత్తడి మిగులుతాయి, సిరప్ డబ్బా సంగతి, స్టేషన్లో దించేసిన బరువుల సంగతి, ట్రకోమాతో ఆగిపోయిన అక్క సంగతి ఎవరు చెప్తారు? ఓమా చెప్తుండగా మనవరాలు రికార్డు చేసింది, నేను విన్నవి నేను రాసిచ్చాను, అక్క పేరు, మేనత్త పేరు, మొదట పెళ్ళికి అందుకున్న అమ్మమ్మ పేరు అన్నీ పెట్టారు. మొదట్లో వాళ్ళు రాసిన దాంట్లో మగవాళ్ళ పేర్లే ఉండేవి, ఎవరి నాన్న ఎవరికిచ్చాడు అని. రోజూ గొలుసు లాగింది మాత్రం ఆడవాళ్ళే కదా అని ఓమానే అంది, అప్పుడు చర్చి పుస్తకాలు తిరగేసి మిగతా పేర్లు పట్టుకున్నారు.

ఓమా ఇప్పుడు కేర్ హోమ్‌లో ఉంది, గడియారం విన్నిపెగ్‌లో మనవరాలి ఇంట్లో నడుస్తోంది. నడపడమా ఆపి దాచడమా అని అక్కడా ఒక చర్చ ఉంది, నడిస్తే అరుగుతుంది, అది నిజమే. కానీ ఆపితే దాన్ని వినడం వచ్చిన చెవులు పోతాయి, బుష్ వెయ్యడం వచ్చిన చేతులు పోతాయి, అరిగిన ఇత్తడిని మార్చుకోవచ్చు గానీ వాటిని ఎక్కడ్నుంచి తెస్తాం? నా ఓటు నడపడానికే, అప్పుడప్పుడు శుభ్రం చేయించి, చుక్క అంటే చుక్క నూనె వేసి. మనవరాలు ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్ళల్లో మూలపడ్డవాటిని కూడా చూసిపెడుతోంది, ఎవరైనా స్ప్రే డబ్బా ఎత్తితే మా నాయిన మాటే చెప్తోందంట.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాలమూరు, నల్గొండ మిషన్ బంగళాల్లో, పాత చర్చిల్లో, హాస్టళ్ళల్లో ఉండే గోడ గడియారాలు ఏమయ్యాయో నాకు తెలుసుకోవాలని ఉంది. క్రూగర్ గడియారం అక్కడ దొరుకుతుందని కాదు, కీ గడియారాలే అయినా సరే. ఎవరి దగ్గరైనా ఉంటే అమ్మెయ్యకండి, ముందు వెనక తలుపు తీసి టార్చి లైటు పెట్టి చూడండి, లోపల సూదితో గీసిన తారీఖులు, అక్షరాలు ఉంటాయి. అవి ఫొటో తీసి నాకు పంపండి, మహబూబ్‌నగర్ వైపువి అయితే మా నాయిన గీత నేను గుర్తుపడతా, మిగతావాళ్ళవి ఎవరివో ఆ ఊళ్ళ పెద్దోళ్ళని అడిగి రాసుకుందాం.